దోనెకట్టె గిన్నె

అరవై దాటినంక ఆడమనిషికి లేత్ మిషన్ ఎందుకని మా చుట్టాలల్ల అడగనోళ్లు లేరు. పుణెల మా బిల్డింగ్ కింద బండ్లు పెట్టే జాగల ఒక మూలకు నా మిషన్ ఉంటది, బల్ల మీద పట్టేంత చిన్నది. కట్టెముక్కను దానికి బిగించి స్విచ్ వేస్తే గిర్రున తిరుగుతది, తిరిగే కట్టెకు ఉలి ఆనిస్తే పొట్టు లేస్తది, జెర జెర లోపలికి తొలుచుకుంట పోతే గిన్నె అయితది. ఇంతే పని. ఇన్నేండ్లు బడిల పిల్లల మీద అరిచి అరిచి గొంతు అరిగిపోయింది, ఇగ గొంతుతోని పని లేనిది ఏదన్న చెయ్యాలని మొదలుపెట్టిన. సాయంత్రం భజనకు రమ్మని పక్కింటామె పిలుస్తది, నేను కండ్లకు అద్దాలు పెట్టుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని కిందికి దిగుత. చేసిన గిన్నెలు అమ్మను. ఇంటికి వచ్చినోళ్లకు ఇస్త, తీసుకున్నోళ్లు దాంట్ల ఏం పెట్టుకోవాల్నో తెల్వక తాళంచెవులు వేసుకుంటరు. వేసుకోనియ్యి, నాకేం ఫరక్ పడదు. కానీ మొన్న సలికాలం ఒక గిన్నె తొలుస్తుంటె జరిగిన సంగతి మాత్రం నన్ను కుదిపేసింది. ఆ దెబ్బ నుంచి నేను ఇంకా తేరుకోలేదు. రాస్తేనన్న మనసు నిమ్మలమైతదేమో అని రాస్తున్న.

ఆ గిన్నె కట్టె మా నాయిన మగ్గంది. నేను పుట్టింది షోలాపూర్‌ల, దాజీ పేట్‌ల. మగ్గం ముందర, నేసేటాయన పొట్టకు ఆనుకొని, ఒక బరువైన కట్టె ఉంటది. నేసిన బట్ట నేసినట్టు దానికి చుట్టుకుంటది. దాన్ని మేము దోనె అంటం. నాయిన పోయినంక మగ్గం ఇప్పి కట్టెలన్ని మాళ మీదికి, అంటే అటక మీదికి, ఎక్కించిండ్రు. మొన్న మా తమ్ముడు అంబాదాస్ దాజీ పేట్ ఇల్లు ఖాళీ చేసి కుంభారి కాలనీకి మారిండు. సామాను సర్దనీకి నేను గూడ పోయిన. కట్టెలు కొన్ని అప్పటికే నీళ్ల పొయ్యికి పోయినయి, కొన్ని చెదలు తిన్నయి, దోనె ఒక్కటి మాత్రం చెక్కుచెదరకుండ ఉన్నది. ఏండ్ల కొద్ది గంజి, నూనె, మా నాయిన చెమట తాగి నల్లగ నిగనిగలాడుతున్నది. "ఇది తీస్కపో అక్కా. ఇది నీదే," అన్నడు అంబాదాస్. వాడు పవర్లూం కార్ఖానాల చేసి చేసి చెవులు పోగొట్టుకున్నడు, గందుకే ఏ మాటైనా గట్టిగనే అంటడు. "నీ బొడ్డుతాడు ఉన్నది కదరా దాంట్ల," అని నేను వాని కుడిచెవుల అరిచిన. వాడు చెయ్యి ఊపిండు. "ఎప్పటి మాట. తీస్కపో." బస్సుల పట్టదని రంపంతోని దాన్ని రెండు ముక్కలు కోసి, ఒకటి నా సంచిల పెట్టిండు, ఒకటి వాని కాడ ఉంచుకున్నడు.

బొడ్డుతాడు సంగతి చెప్పాలె. ఈ ఆచారం అందరి ఇండ్లల్ల ఉండెనో లేదో నాకు తెల్వదు, మా ఇంట్ల ఉండె. ఇంట్ల మొదటి మగపిల్లగాడు పుట్టి, బొడ్డు ఎండి రాలినంక, దాన్ని పసుపుల పొర్లించి, ఆ నాడు మగ్గం మీద ఏ రంగు పడుగు ఉంటే ఆ రంగు దారంతోని గట్టిగ చుట్టి, దోనెకు తొలిచిన బొక్కల పెట్టి, పైన కట్టె బిరడా కొట్టేటోళ్లు. బిరడా కొట్టి చెక్కుతె అది యాడున్నదో మల్ల కనవడకపోతుండె. ఒక దోనెకు ఒక్కటే బొక్క, ఒక్కటే బొడ్డు. నేసేటాయన పొట్ట దినమంత దానికి ఆనుతది గదా, ఆ పిల్లగాడు పెద్దగై అదే జాగల కూసుంటడు, ఇంక యాడికి పోడు అని నమ్మకం. ఆడపిల్లల బొడ్డు పెట్టరు. ఆడపిల్ల వేరే ఇంటి మగ్గానికి పోయేదే కదా అనేటోళ్లు. మా అంబాదాస్ పుట్టిననాడు మగ్గం మీద పసుపుపచ్చ పడుగు ఉండెనట. వాని బొడ్డు పసుపుపచ్చ దారంతోని దోనెల ఉన్నదని మా ఇంట్ల అందరికి తెల్సు. వాడు నాకంటె రెండేండ్లు చిన్న.

ఇగ నా బొడ్డు సంగతి మా నాయినమ్మ దినాం చెప్పేది. నాయినమ్మ అంటే మా నాయిన తల్లి. ఆమె నోటికి జడిసి కూరగాయలామె మా గల్లీల బండి ఆపకపోతుండె. పొద్దుగాల లేవంగనే కాల్చిన పొగాకు మిశేరి పండ్లకు రాసుకొని గడప మీద కూసునేది, నోట్ల మిశేరి ఉన్నంతసేపే మా ఇంట్ల శాంతి. పుక్కిలించి ఉమ్మినంక మొదలయ్యేది. "అన్సూ, నువ్వు పుట్టిననాడు మగ్గం మీద నల్ల చంద్రకళ చీరె ఉండె, లోకంల ఇంక రంగే దొరకనట్టు. గందుకే నీకు ఇంత కోపం. నీ బొడ్డు నేను స్టేషన్ తొవ్వల పారేసిన. గందుకే నీ కాలు ఇంట్ల నిలవది." నేను చిన్నప్పుడు దీనికి ఎంత ఏడ్చిన్నో. స్టేషన్ దిక్కు పోయినప్పుడల్లా కిందికి చూసుకుంట నడిచేదాన్ని, నాది ఏదన్న కనవడతదేమో అని. తర్వాత తర్వాత దానికే ఒక తీరు గర్వం వచ్చింది. నా కాలు నిలవదు, నేను యాడికన్న పోత అని గల్లీల పొల్లగాళ్లతోని గొప్పలు చెప్పుకున్న.

ఆ ఇల్లు అంటే ఒక్కటే పెద్ద అర్ర. ముందట గుంట మగ్గం, నాయిన గుంటల కాళ్లు పెట్టుకొని నేసేది. పక్కన నాయినమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది, కండ్లద్దాల కాడి ఇరిగితే నూలుపోగుతోని చెవికి కట్టుకునేది. వెనుక పొయ్యి కాడ అమ్మ చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టేది. గంజి వాసన, తడి నూలు వాసన, పొగాకు వాసన, మూడు కలిసి మా బట్టలకు, జడలకు, బడి పుస్తకాలకు పట్టి ఉండేటియి. మధ్యాహ్నం కడక్ భాకరి, అంటే ఎండిన జొన్నరొట్టె, ఇరిచి సెంగ చట్నీల, అదే పల్లికాయ కారంల, ముంచుకొని తినేటోళ్లం. నాయిన నేసుకుంటనే మాతోని ముచ్చట పెట్టేది, లెక్కలు అడిగేది, తప్పు చెప్తె పోగు తీసే నాడె ఆపి మా దిక్కు చూసేది. చెయ్యి మగ్గం చప్పుడుల మనిషి మాట వినవడతది. ఆ చప్పుడు లేకుంటె నాకు చదువు ఎక్కకపోతుండె, ఇప్పటికి గూడ మరీ నిశ్శబ్దంగ ఉంటె నాకు పరేషాన్ అయితది.

నేను చూసిన మొదటి లేత్ మిషన్ మా నాయినమ్మ రాట్నమే. దాని కారిగర్ మా అంబాదాస్. నాయినమ్మ తిన్నంక చాప మీద ఒరిగి గురక పెట్టంగనే వాడు రాట్నాన్ని గోడ చాటుకు గుంజుకపోయేది. కదురుకు ఇరిగిన మగ్గంకట్టె ముక్క గుచ్చి, గట్టిగ నూలు చుట్టి బిగించేది. నేను చక్రం తిప్పాలె, వాడు పాత ఆకురాయి ముక్కను సాన పట్టి కట్టెకు ఆనించాలె. పొట్టు సన్నగ లేసి వాని ముక్కు మీద పడేది. అట్ల వాడు బొంగరాలు చేసిండు, అమ్మకు కుంకుమ భరిణె చేసిండు, దాజీ పేట్ పొల్లగాళ్లందరు వాని బొంగరాల కోసం మా గడప కాడ నిలవడేటోళ్లు. ఒక్కోసారి కదురు వంకర పోయేది. నాయినమ్మ లేచి చూసి, కండెల బుట్ట ఎత్తుకొని మమ్ముల గల్లీ చివరి దాంక తరిమేది, తిట్లు మాత్రం నా ఒక్కదానికే. "వాడు బంగారం, నువ్వే వాన్ని చెడగొడుతున్నవు" అనేది. చక్రం నేను తిప్పకపోతె వాడు ఎట్ల చేస్తడు, ఆ మాట నిజమే మరి. వాడు పెద్దగైతే టర్నర్ అయిత అని చెప్పేటోడు. టర్నర్ అంటే ఏందో మా ఇంట్ల ఎవలకు తెల్వదు. బడి మాస్టారు వచ్చి చెప్పిండు, ఐ.టి.ఐ.ల ఆ పని నేర్పుతరు, పిల్లగానికి చెయ్యి ఉన్నది, పుణెకు పంపుండ్రి అని.

అదే ఎండకాలం నాకు పుణెల టీచర్ ట్రైనింగ్‌ల సీటు దొరికింది. వానికి ఐ.టి.ఐ.ల దొరికింది. ఒకే ఇంట్ల ఇద్దరికి ఒకటేసారి. నాయిన మగ్గం ఆపిండు. ఆయన నడుము అప్పటికే పడిపోయింది, అమ్మకు పొగాకు దగ్గు. ఇద్దరు పోతే మగ్గం ఎవలు నడుపుతరు అన్నది ప్రశ్న. నిజం చెప్తున్న, నేను ఆశ వదులుకున్న. ఏ ఇంట్ల అయినా పిల్లగాన్నే పంపుతరు. గప్పుడు నాయినమ్మ రాట్నం కాడికెల్లి తల గూడ ఎత్తకుండ అన్నది: "వాని బొడ్డు దోనెల ఉన్నది. వాడు యాడికి పోతడు? పోతే నిలుస్తడా? దాన్ని పోనియ్యి, దాని కాలు ఎట్లయినా ఇంట్ల నిలవది." నాయిన దోనె దిక్కు చూసిండు, నిమురుకున్నడు, అట్లనే కానియ్యి అన్నడు. అంబాదాస్ దిక్కు చూడకుండనే నేను లోపల ఎగిరి గంతేసిన. పోయిననాడు నా ఇనుప పెట్టెను వాడే నెత్తి మీద పెట్టుకొని స్టేషన్‌కు మోసుకొచ్చిండు. అప్పటికెల్లి నేను వచ్చి పోయినప్పుడల్లా స్టేషన్‌కు వచ్చి రైలు ఎక్కియ్యడం వాని డ్యూటీ అయింది. రాట్నం మీద వాడు మల్ల ఎప్పుడు కట్టె తిప్పలేదని అమ్మ చెప్పింది.

తర్వాత చెయ్యి మగ్గానికి కాలం చెల్లింది. అంబాదాస్ పవర్లూం కార్ఖానాల చేరిండు, చాదర్లు నేసిండు, అండ్లనే వయసు, చెవులు, రెండు అరగదీసుకున్నడు. వానికి ఎవలన్న సానుభూతి చూపెడితె నచ్చదు. "నువ్వు గూడ పోయి ఉంటె పెద్ద కంపెనీల ఉంటుంటివి" అని చుట్టాలు అంటే నవ్వేటోడు. "నా బొడ్డు దోనెల ఉన్నదయ్యా, నేను యాడికి పోత" అనేది. పెండ్లిల అడిగినా అదే మాట, వాని పిల్లలు అడిగినా అదే మాట. ఆ మాట మీద వాడు తన జీవితాన్ని నిలవెట్టుకున్నడని నేను అనుకున్న. నేను గూడ ఆ మాట మీదనే నిమ్మలంగ ఉన్న. అది రాత, ఆచారం, నేను చేసింది ఏం లేదు అని.

గందుకే దోనె ముక్కతోని వానికే గిన్నె చెయ్యాలనుకున్న. వాని బొడ్డుతాడు దొరికితే చిన్న వెండి భరిణెల పెట్టి, ఆ గిన్నెల ఉంచి, వచ్చే రాఖీకి ఇద్దామని. ముక్కను మిషన్‌కు బిగించి తిప్పిన. ఉలి ఆనియ్యంగనే ఆ నల్లటి పై పొర లేచింది, దాంతోని గంజి వాసన లేచింది. ఇన్నేండ్ల తర్వాత, పుణెల, స్కూటర్ల నడుమ, మా ఇంటి గంజి వాసన. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగి మిషన్ ఆపిన. పొర కింద కట్టె కొత్తదాని తీరుగ తేనెరంగు ఉన్నది. పైభాగం అంత గుండ్రంగ చేసిన, బిరడా జాడ లేదు. అయితే బొడ్డు అంబాదాస్ కాడ ఉన్న ముక్కల ఉండి ఉంటది అనుకొని, లోపల తొలుచుడు షురూ చేసిన.

సగం తొలిచినంక ఉలి టక్కుమన్నది. చెయ్యి అదిరింది. పిడికెడు పొట్టుతోని ఏదో ఎగిరి నా ముంజేతికి తగిలి బల్ల మీద పడ్డది. మిషన్ బంద్ చేసి చూసిన. కట్టెల కలిసిపోయి నాకు కనవడని బిరడా ఊడి, గిన్నె పక్కకు బొక్క పడ్డది. బల్ల మీద చిటికెనవేలి కొన అంత మూట. ఎండిన సొంటి తీరుగ గట్టిగ ఉన్నది. దాని చుట్టు దారం. నేను పసుపుపచ్చ కోసం చూసిన. పొట్టు ఊదిన, కండ్లద్దాలు తుడుచుకొని మల్ల చూసిన, వెలుతురు కాడికి పట్టుకపోయిన. దారం నల్లగ ఉన్నది. మాసి నల్లగైంది కాదు, రంగేసిన నల్ల దారం, చంద్రకళ చీరె నలుపు. దాని మీద రెండు మూడు చుట్లు మాత్రం ఎర్ర దారం ఉన్నది.

 పక్కన ఉన్న ఎవలదో స్కూటర్ మీద కూలవడ్డ. వాచ్‌మన్ వచ్చి "క్యా హువా మేడం, చోట్ లగీ క్యా" అని అడిగిండు. ఏం లేదని చేత్తోని సైగ చేసిన. ఒక దోనెకు ఒక్కటే బొడ్డు. దోనెల ఉన్నది నాది. స్టేషన్ తొవ్వల పారేసిన అని దినాం నన్ను ఏడిపించిన ముసలామె, నా బొడ్డును తన చేతులతోని దారం చుట్టి దోనెల దాచింది. ఆడపిల్లది పెట్టొద్దని తెలిసీ పెట్టింది. అంటే వానిది లేదు. ఎన్నడు లేదు. "వాని బొడ్డు దోనెల ఉన్నది, వాడు యాడికి పోతడు" అని అన్ననాడు గూడ ఆమెకు తెల్సు, ఉన్నది నాదని. తెలిసి తెలిసి అంత మాట అన్నది. నన్ను ఇడిపియ్యనీకి వాన్ని కట్టేసింది. ఆమె మీద ప్రేమ పొంగాల్నో, గొంతు పిసకాల్నో అర్థం కాలేదు. ఆమె పోయి ఏండ్లయింది, అడుగుదామంటె ఎవలను అడగాలె.

చెప్పాల్నా వద్దా అన్నదే నన్ను తినేసింది. చెప్తె వాడు ఇన్నేండ్లు నమ్మింది కూలిపోతది. ఈ వయసుల, చెవులు పోయినంక, నిన్ను కట్టేసిన తాడు అసలు లేనే లేదు అని ఏ నోటితోని చెప్పాలె. చెప్పకుంటె ఇగ నేను వాని మొకం చూడలేను. వాడు చేద్దామనుకున్న పనిని నేను పొద్దుపోక చేసుకుంటున్న, వాడు పోవాల్సిన ఊర్ల నేను బతుకుతున్న. ఫోన్‌ల వానికి వినవడదు. పొద్దుగాల రైలుకు షోలాపూర్ పోయిన. సగం అయిన గిన్నె సంచిల, మూట రుమాలల కట్టి బొడ్లె దోపుకున్న.

కుంభారి బస్సు ఎక్కే ముందర కొంతం చౌక్ కాడ ఆటో దిగి, కాళ్లు గుంజితె దాజీ పేట్‌కు పోయిన. మా ఇంటికి వేరేటోళ్లు తాళం వేసుకున్నరు. గల్లీల రెండు కార్ఖానాలు నడుస్తున్నయి. ఆ చప్పుడుకు గోడ మీద చెయ్యి పెడితె గోడ వణుకుతున్నది. కిటికీలకెల్లి చూస్తె ఒకాయన మగ్గాల నడుమ ఒక్కడే నిలవడి ఉన్నడు, పక్కన ఎవలన్న ఉన్నా మాట్లాడే అవకాశం లేదు. మా నాయిన నేసుకుంట మాకు లెక్కలు చెప్పిండు. నా తమ్ముడు ఇట్ల నోరు మూసుకొని బతుకంత నిలవడ్డడు. గంజి వాసన లేదు, మిషన్ నూనె వాసన ఉన్నది. చదువుకున్నదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఈ తేడా నాకు ఆ కిటికీ కాడ తెలవడం సిగ్గుచేటు అనిపించింది.

కుంభారిల అన్ని ఇండ్లు ఒక్క తీరుగనే ఉంటయి. వాని గడపకు నీలం రంగు వేసుకున్నడు గుర్తుకు. మా మరదలు పద్మ చాట ముందట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. "వదినె, చెప్పకుండ వస్తిరి, ఆరోగ్యం మంచిగుందా" అని లేచి చాయ్ పెట్టనీకి పోయింది. అంబాదాస్ చాప పరిచిండు. ఇట్లాంటి మాట అరిచి చెప్పలేను, అటు ఇటు ఇండ్లోళ్లందరు వింటరు. రుమాలు ఇప్పి మూటను స్టీల్ ప్లేట్‌ల పెట్టి వాని ముందటికి జరిపిన. 

వాడు కండ్లద్దాలు పెట్టుకొని వంగి చూసిండు. నేను వాని మొకం దిక్కే చూస్తున్న, ఎప్పుడు ఏమైతదో అని. వాడు చిన్నగ నవ్విండు. "ఇంకా ఉన్నదా ఇది," అన్నడు. "పురుగులు తిని ఉంటయనుకున్న."

"నల్ల దారంరా," అన్న. పెదవులు చూసి వాడు అర్థం చేసుకుంటడు. "నీది కాదు. నాది."

"తెల్సు. పైన ఉన్న ఎర్రదారం నేను చుట్టిందే."

 పద్మ చాయ్ గిన్నె పట్టుకొని తలుపు కాడనే నిలవడ్డది. ఆమెకు గూడ తెల్వదని ఆమె మొకం చూస్తేనే తెల్సింది. వాడు మామూలు ముచ్చట తీరుగ, గట్టి గొంతుతోని, చెప్పుకుంట పోయిండు. "నువ్వు పుణెకు పోయే ముందర, మార్కండేయ దేవుని రథం పండుగ నాడు మగ్గాలన్ని బంద్ ఉండె గదా. మీరందరు రథం చూడ పోయిండ్రు. నేను కడుపునొప్పి అని ఇంట్ల పండుకున్న. పుణెకు పారిపోదామని. దోనెలకెల్లి నా బొడ్డు తీసుకొని నా జేబుల వేసుకుంటె ఇగ నన్ను ఎవలు ఆపుతరు అనుకున్న. తడిమి తడిమి బిరడా పట్టుకొని, మేకుతోని పీకిన. పీకితె నల్లది బయటికొచ్చింది. నా చేతుల దారం తెగింది. అట్ల ఇడిచిపెడితె ఊడుతదని, మగ్గం మీది ఎర్ర పోగు ఒకటి తెంపి చుట్టి, మల్ల పెట్టి, బిరడా కొట్టి, మైనం రాసిన."

"ఎందుకు చెప్పలేదు?" నా గొంతు నేనే ఆపుకోలేకపోయిన. పక్కింటామె బయటికొచ్చి చూసింది.

"చెప్తె నాయిన నిన్ను పోనిస్తుండెనా? నీ బొడ్డు దోనెల ఉన్నదని తెలిస్తె నిన్ను అక్కడ్నే కూసోపెడుతుండె. నీ పెట్టె అప్పటికే సర్ది ఉండె అక్కా. మూత మీద పేరు గూడ రాసుకున్నవు."

"నువ్వన్న పోవచ్చు కదరా. నిన్ను కట్టేసింది ఏం లేకుండె గదా."

"ఇద్దరం పోతే నాయిన నడుముతోని ఎవలు నేస్తరు?" అన్నడు. అంతే. 

నాకు కోపం వచ్చింది. నాయినమ్మ చెప్పిన నల్లపడుగు కోపం. నన్ను అడిగినవా, నీకు ఎవలు హక్కు ఇచ్చిండ్రు, ఇన్నేండ్లు నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడిచ్చినవు, నేను రాఖీ కట్టి మిఠాయి పెట్టి రైలెక్కి పోయిన ప్రతిసారి నువ్వు లోపల ఏమనుకున్నవు అని అరుచుకుంట ఏడ్చిన. వానికి సగం వినవడ్డదో లేదో. పద్మ చాట పక్కకు పెట్టి నా వీపు నిమురుకుంట తను గూడ ఏడ్చింది. "ఈయన నాకు గూడ ఇదే చెప్పిండు వదినె, బొడ్డు దోనెల ఉన్నదని. పెండ్లైన కాడికెల్లి." నాయినమ్మ ఎందుకు పెట్టిందిరా నాది అని అడిగిన. వాడు ఆలోచించిండు. "దోనె అప్పుడే కొత్తది చేయించిండ్రట. ఖాళీగ ఎందుకని పెట్టిందేమో. లేకుంటె నువ్వంటె పాణమేమో. ఆమె తిట్టింది నిన్ను ఒక్కదాన్నే గదా." ఏది నిజమో మా ఇద్దరికి తెల్వదు, ఇగ తెలిసేది గూడ లేదు.

సంచిలకెల్లి గిన్నె తీసి ఇచ్చిన. వాడు రెండు చేతులతోని పట్టుకొని, బొటనవేలు లోపల తిప్పిండు. పక్కకు ఉన్న బొక్కల చిటికెనవేలు పెట్టి చూసిండు. వాని వేలు అట్ల పోయి ఇట్ల కనవడ్డది. "పాడైంది, ఓటి గిన్నె అయింది," అన్న నేను ముక్కు తుడుచుకుంట. "ఏం గాదు," అని లోపలికి పోయి పిడికెడు ఏంచిన సెంగలు తెచ్చి దాంట్ల పోసిండు. ఒక్కటి గూడ బయట పడలేదు. "సెంగలు పడయి. మంచిగ తిప్పినవు. సగంల ఆపకు, పూర్తి చెయ్యి." అని రెండు సెంగలు నోట్ల వేసుకున్నడు. మూటను పద్మ దేవుని కాడ పెడదామన్నది. వాడు వద్దన్నడు. రుమాలల కట్టి నా చేతుల పెట్టిండు. "దాని జాగ దానికి ఇయ్యి. ఆనాడే ఇది నీదే అని చెప్పిన గదా."

సాయంత్రం రైలుకు నన్ను స్టేషన్‌ల దింపనీకి వాడు బండి తీసిండు. బస్సుకు పోత అన్న, వినలేదు, వినవడలేదు. కిక్ కొట్టే ముందర వెనుకకు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు నవ్విండు. "అయితే అక్కా, నాయినమ్మ స్టేషన్ తొవ్వల పారేసింది నాదన్నట్టు. ఇన్నేండ్లు ఆ తొవ్వల ఊకె తిరిగిన, నిన్ను ఎక్కియ్యనీకి." ఆ మాట అని బండి స్టార్ట్ చేసిండు. తొవ్వల రాయ్‌నగర్ దాటినంక వాని భుజం పట్టుకొని, వెనుక కూసొని, చెప్పాల్సిందంత చెప్పిన. గాలికి, బండి చప్పుడుకు, ఆ పోయిన చెవులకు ఒక్క ముక్క గూడ వినవడదని తెల్సు. అయినా స్టేషన్ వచ్చేదాంక చెప్పుకుంటనే పోయిన.